పిక్క మీద సున్నా

నత్తగాడు నాకు చేసిన అన్యాయం పగవాడికి కూడా జరగకూడదు. నత్త అంటే మా వీధిలో ఎదురు వరసలో కొట్టు పెట్టుకుని మోటార్లకు తీగ చుట్టే మనిషి. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. బాగుచేస్తాడనడం మర్యాద కోసం. సరుకు పుచ్చుకుంటాడు, అటకెక్కిస్తాడు, అడిగిన ప్రతిసారీ తల గోక్కుని "అయిపోవచ్చింది గురూ" అంటాడు. నా షాపులో ఉన్న ఒకే ఒక్క సీలింగు ఫ్యాను పోయిన ఎండాకాలంలో వాడి చేతిలో పెట్టాను. వానలొచ్చాయి, చలి వచ్చింది, మళ్లీ ఎండలొచ్చాయి. ఫ్యాను రాలేదు. జనం ఆ పేరు వాడికి ఊరికే పెట్టలేదు.

అలాంటి మనిషి మా మరదలు అడిగిన వస్తువును ఒక్క రోజులో చేసి, తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి మరీ తెచ్చి ఇచ్చాడు. అదీ నా కొంప ముంచే వస్తువు. నా కడుపుమంటంతా అక్కడే ఉంది. మొదటినుంచీ చెబితేగాని నా గోడు తెలియదు.

నేను పచ్చబొట్లు వేస్తాను. ఇప్పటివాళ్లు టాటూలంటారు, బోర్డు మీద నేనూ అలాగే రాయించాను, పని మాత్రం అదే. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పడక బడి మానేసి మా గురువు దగ్గర చేరాను. ఇంటి ముందుగదే నా షాపు. గదికి ఒకటే కిటికీ. దాని పక్కన నా బల్ల, నా స్టూలు, వచ్చినవాళ్లు కూర్చునే వాలుకుర్చీ. బల్బు కింద పని చేస్తే మన చేతి నీడ సూది మీదే పడుతుంది. కిటికీ వెలుతురు అలా మోసం చెయ్యదు. అందుకే ఇన్నేళ్లలో ఆ జాగాలో ఇంకొకరిని కూర్చోనివ్వలేదు. మా ఆవిడ ఊడవడానికి వచ్చినా లేచేవాణ్ని కాదు, కాళ్లు పైకెత్తేవాణ్ని, అంతే.

మా మరదలంటే మా ఆవిడ చెల్లెలు. నలభై ఏళ్ల మనిషి. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. మొగుడు వదిలేసి పోయాడు. ఆ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే "ఉన్నప్పుడు మాత్రం ఉన్నాడా?" అంటుంది. నోరు అలాంటిది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. రైలెక్కి ఒక పగలూ ఒక రాత్రీ పోతే వచ్చే ఊళ్లో ఇంకో ఫ్యాక్టరీవాళ్లు రమ్మన్నారట. కుట్టుపని కాదు. చొక్కాలు మడిచి డబ్బాల్లో పెట్టడం. రోజంతా నిలబడి మడవాలి, రాత్రి హాస్టల్లో ఆరుగురితో కలిసి ఒక గదిలో పడుకోవాలి. వస్తుందో రాదో నెలాఖరు శనివారం లోపల చెప్పమన్నారు.

"కాలరు తిప్పిన చేత్తో మడతలు పెట్టాలంటే చచ్చేంత చిన్నతనంగా ఉందక్కా," అంది భోజనాల దగ్గర.

"అయితే ఈయన దగ్గర పని నేర్చుకో. కళ్ల ముందుంటావు," అంది మా ఆవిడ. నేను ఆ గదిలో లేనట్టే అంది.

"నేనిక్కడే ఉన్నాను," అన్నాను.

"ఉన్నారుగా, నేర్పండి."

"ఇది గుడ్డ కాదే, చర్మం. తప్పు కుట్టు పడితే విప్పి మళ్లీ కుట్టుకునే పని కాదు."

"అందుకేగా బావా నీ దగ్గర నేర్చుకుంటానంటున్నది," అంది మరదలు. "తప్పులన్నీ నువ్వు వేసేశావు. నాకు కొత్తవి మిగల్లేదు."

పక్కన నత్తగాడు ఉండి నవ్వాడు. వాడెందుకున్నాడంటే ఫ్యాను కొక్కెం కొలత మళ్లీ తీసుకోవడానికి వచ్చాడు. అది మూడోసారి. వాడి నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. అక్కడే నోరు జారాను.

"సరే. మా గురువు పద్ధతి ఒకటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముందు రబ్బరు తోలు మీద చెయ్యి తిప్పాలి. ఆ తర్వాత మొట్టమొదటి గీత గురువు పిక్క మీదే పెట్టాలి. గీత కూడా కాదు, సున్నా. గీతకు మొదలూ చివరా ఎక్కడైనా దాక్కుంటాయి, సున్నాకు ఆ వీలు లేదు. తిరిగొచ్చి మొదలుపెట్టినచోటే కలవాలి. కలిస్తే గురువు పని నేర్పి తీరాలి. కలవకపోతే శిష్యుడు పెట్టె సర్దుకోవాలి. నా పిక్క మీద సున్నా కలిపావంటే పని నేర్పడమేంటి, ఆ కిటికీ పక్క జాగా కూడా నీదే. నేనెళ్లి ఆ గోడవార కూర్చుంటా!"

"విన్నాను గురూ," అన్నాడు నత్త. అప్పటిదాకా వాడు ఒక పని చప్పున చేయడం చూశానంటే అదే.

మా గురువు నాకు ఇచ్చిపోయిన మెషిన్ ఒకటుంది. పేరు దున్న. ఇత్తడి చట్రం, అందులో పక్కపక్కన రెండు రాగితీగ చుట్టలు, వాటి మీద ఒక ఇనుప పలక. కరెంటు రాగానే చుట్టలు పలకను కిందికి గుంజుతాయి, స్ప్రింగు పైకి లాగుతుంది. ఆ కొట్లాటలో సూది దిగుతూ లేస్తూ ఉంటుంది. జోరీగ చెవిలో దూరినట్టు మోత. మా గురువు దాన్ని దగ్గరుండి పోతపోయించుకున్నాడు. నేను దానితోనే నేర్చుకున్నాను. ఆయన నన్ను ఎన్నిసార్లు మొట్టాడో నా నెత్తికి తెలుసు. అందుకని మరదలి చేతిలో కూడా దాన్నే పెట్టాను.

గోడవార బల్ల వేసి, రబ్బరు తోలు పరిచి, గీతలు లాగమన్నాను. పట్టడం బాగానే పట్టింది. గీత మొదట్లో చక్కగా దిగేది, బెత్తెడు పోయేసరికి వణుకు మొదలు.

"అది గీతా, వానపామా?" అన్నాను.

"వానపామైతే ఎక్కడికో ఒకచోటికి పోతుంది బావా. ఇది నీ సంతకంలా ఉంది."

వారం గడిచినా వానపాములే. ఒకచోట సూది మరీ లోతుకు దిగి రబ్బరు చిరిగేది. నిజం చర్మమైతే అక్కడ సిరా పాకి నీలంగా మరక కడుతుంది. ఇంకోచోట సూది పైపైన దువ్వి పోయేది. నేను మాత్రం కిటికీ పక్కన కూర్చుని, తల తిప్పకుండా, "చేతిలో లేదే నీకు. ఏం చేస్తాం, కొందరికి ఉంటుంది," అంటుండేవాణ్ని. ఆ వారమంతా నాకు హాయిగా గడిచింది.

ఒకరోజు ఆమె మెషిన్ ఆపి, దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ ఊపి చూసింది. సంతలో వంకాయ ఏరుకునేవాళ్లు చూసినట్టు చూసింది.

"బావా, దీని బరువంతా వెనకాలుంది. సూదేమో ముందుంది, ఈ చుట్టలు నా బొటనవేలి వెనకాల వేలాడుతున్నాయి. దానికి తోడు ఈ లావు వైరు, ఎవరో తోక పట్టుకుని లాగుతున్నట్టు. దీని ముక్కు పైకి లేవకుండా అదిమి పట్టుకోవడానికే నా బలం సరిపోతోంది. ఇంక గీసేదెప్పుడు?"

"మరి నేను గీయట్లేదా?"

"నువ్వు మీసాలు రాకముందు నుంచీ పట్టుకున్నావు. నీ చెయ్యి దానికి తగ్గట్టు వంకరపోయింది."

మా ఆవిడ వంటింట్లోంచి త్రాసు తెచ్చింది. నేను వద్దంటూనే ఉన్నాను. ఒక పళ్లెంలో దున్నను పెట్టి, రెండో పళ్లెంలో రెండు పెద్ద ఉల్లిపాయలు వేస్తేగాని ముల్లు మధ్యకు రాలేదు.

"రెండు ఉల్లిపాయలు చేతిలో పట్టుకుని గుండుసూదితో బొమ్మ వెయ్యమంటున్నారు మా చెల్లిని," అంది.

"చెయ్యి గట్టిపడాలంటే బరువు మొయ్యాలి. మా గురువు..."

"మీ గురువుకి చెంచా కూడా నిలిచేది కాదు ఆఖరి రోజుల్లో. అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని."

ఇలాంటివి ఆడవాళ్లు మర్చిపోరు. నేను మాట మార్చడానికి టీ గ్లాసు అందుకున్నాను. గ్లాసును నేను రెండు చేతులతో పట్టుకుంటాను. ఇన్నేళ్లు ఆ మోత చేతిలోకి ఎక్కీ ఎక్కీ వేళ్ల కొసలు మొద్దుబారాయి, ఒక చేత్తో పట్టుకుంటే ఉన్నదీ లేనిదీ తెలియదు. ఎవరైనా అడిగితే గ్లాసు కాలుతోందని చెబుతాను.

మరదలు నా చేతులవంకే చూస్తోంది. "పొద్దున మంచినీళ్లు కూడా కాలాయా బావా?" అంది మెల్లిగా. అని, తన కుడిచెయ్యి విదిలించుకుంది. "నాకు వారానికే ఈ చేతిలో తేనెతుట్టె పెట్టినట్టుంది."

అప్పుడే తగలడ్డాడు నత్త. నాలుగో కొలత తీసుకోవడానికి. మరదలు వాణ్ని కూర్చోమంది. ఒక పాత కాగితం మీద మార్కరు పెన్ను పడుకోబెట్టి దాని చుట్టూ గీత గీసింది.

"మీ దగ్గర చిన్న మోటారు ఏదైనా ఉందాండీ? ఇదిగో, ఇంత లావు గొట్టంలో పట్టాలి. మోటారు సరిగ్గా సూదికి నెత్తిన కూర్చోవాలి, వెనక వేలాడకూడదు. పట్టుకునేచోట కాస్త లావుండాలి, లేకపోతే వేళ్లు నొక్కుకుపోతాయి. వైరు సన్నగా, మెత్తగా, దారంలా ఉండాలి. సూది ఎంత బయటికి రావాలో తిప్పుకోవడానికి ఒక మర పెట్టండి. కుట్టుమిషన్లో కుట్టు పొడుగు తిప్పుకోమూ, అలాగన్నమాట."

నత్త నోరు తెరుచుకుని విన్నాడు. ఆ నోటిని ఫ్యాను గురించి నేను మాట్లాడినప్పుడెప్పుడూ అంత తెరవలేదు. "గడ్డం గీసుకునే మెషిన్లోది ఒకటుందండీ," అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకోలేదు, చేత్తో పట్టుకుని రోడ్డు దాటాడు. కొక్కెం కొలత తీసుకోవడం మర్చేపోయాడు.

మర్నాడు సాయంత్రానికల్లా తెచ్చాడు. చెప్పానుగా, మెత్తటి గుడ్డలో చుట్టి మరీ. తెల్లటి గొట్టం, లోపల మోటారు, దాని ఇరుసు మీద పక్కకు జరిపి బిగించిన చిన్న చక్రం. అది తిరుగుతుంటే సూది కిందికీ పైకీ ఆడుతుంది. స్ప్రింగు లేదు, పలక లేదు, కొట్లాట లేదు. సూదులు మాత్రం సీలు ప్యాకెట్లో వచ్చే కంపెనీవే బిగించాలని, ముందున్న భాగమంతా విప్పి మరిగించడానికి వీలుండాలని నేనే గట్టిగా చెప్పాను. ఆ విషయంలో నేను దేవుడు చెప్పినా వినను. త్రాసులో పెడితే చిన్న ఉల్లిపాయ ఒకటి సరిపోయింది. దానికి నేను చీపురుపుల్ల అని పేరు పెట్టాను. అవమానిద్దామని పెట్టిన పేరు ఇంట్లో అందరికీ నచ్చింది.

ఆ చీపురుపుల్లతో మరదలు లాగిన మొదటి గీత రబ్బరు తోలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా సూటిగా పోయింది. వణుకు లేదు. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నత్తగాడు కూడా కొట్టాడు, చేతిలో స్క్రూడ్రైవరు ఉందని మర్చిపోయి.

నేను లేచి వెళ్లి భూతద్దం పెట్టి చూశాను. చూశాక నా మొహంలోకి కళ వచ్చింది.

"గీత సూటిగానే ఉంది. కానీ ఇది గీత కాదు, చీమల బారు. చూడు, మధ్యమధ్య ఖాళీలు."

నిజమే. సిరా చుక్కచుక్కగా పడి ఉంది. దున్నకు వెయ్యి లోపాలుండనీ, అది మాట్లాడుతుంది. చెయ్యి మరీ అదిమితే దాని గొంతు బొంగురుపోతుంది, మరీ తేలిస్తే సన్నగా అరుస్తుంది. ఆ మోత వినుకుంటూ మన చెయ్యి దానంతటదే ఒక నడకకు వస్తుంది. చీపురుపుల్ల మూగది. చెవి దగ్గర పెట్టుకుంటేగాని నడుస్తోందో లేదో తెలియదు. మరదలి చెయ్యేమో ఫ్యాక్టరీ చెయ్యి. సూపర్‌వైజరు వెనక నిలబడి తరుముతుంటే కాలర్ల మీద పరిగెత్తిన చెయ్యి. మోటారు వేగానికి మించి ఉరికేది. సూది లేచి మళ్లీ దిగేలోపల చెయ్యి ముందుకు పోయేది.

ఆమె కూడా ఆ సంగతి కనిపెట్టింది. మోటారు వేగం పెంచి చూసింది, పెంచితే రబ్బరు చిరిగింది. తగ్గించి చూసింది, చీమలు ఇంకా దూరం జరిగాయి. మళ్లీ రోజులు దొర్లాయి.

"బావా, ఎంత మెల్లిగా పోవాలో ఎలా తెలుస్తుంది?"

"తెలిసినవాళ్లకు తెలుస్తుంది," అన్నాను. నా జాగా నాకు ముఖ్యం.

ఒకరోజు అక్కాచెల్లెళ్లు సిరా కొనడానికి బజారు వెళ్లారు. షాపులో నేనొక్కణ్నే. చీపురుపుల్ల ఆమె బల్ల మీద ఉంది. లోపమేమిటో తెలుసుకుందామని, అంతకంటే మరేం లేదు, చేతిలోకి తీసుకున్నాను. చేతిలో ఏమీ లేనట్టుంది. రబ్బరు తోలు మూల ఒక చిన్న చేప వేశాను, మా గురువు మొదట నేర్పిన బొమ్మ అదే. రెక్కలు, పొలుసులు, తోక. పొలుసులు పెట్టి ఎంతకాలమైందో. వేళ్లు మొద్దుబారాక పొలుసులు మానేసి చేపలకు గీతలే పెడుతున్నాను. ఈసారి పొలుసు పొలుసు విడివిడిగా దిగింది. పని అయ్యాక వేళ్లు జుమ్మనలేదు కూడా. ఒళ్లు మండి దాన్ని ఎక్కడున్నది అక్కడ పెట్టేసి, నా స్టూలు మీదికి వచ్చి కూర్చున్నాను.

మా ఆవిడ రాగానే దాన్నే చూసింది. "ఈ చేప ఎవరేశారు?"

"ఏ చేప?"

"రబ్బరు మీద, ఈ మూల."

"ఎలుకేమో."

"పొలుసులేసే ఎలుకా?" అంది మరదలు, వంగి చూస్తూ. "ఎంత బాగా వేసిందక్కా! ఆ ఎలుకని పట్టుకుని కిటికీ పక్కన కూర్చోబెట్టాలి."

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. తలకిందులుగా పట్టుకున్నానని తర్వాత చెప్పారు.

శుక్రవారం వచ్చింది. మర్నాడే ఆ ఫ్యాక్టరీవాళ్లకు జవాబు చెప్పాల్సిన శనివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక పరీక్ష పెట్టాను. మా ఆవిడ రేజరు తెచ్చి నా కుడి పిక్క నున్నగా గొరిగింది. పెళ్లయిన కొత్తలో కూడా నన్నింత శ్రద్ధగా చూసుకోలేదు. భుజం మీద సింహం వేయించుకోవడానికి వచ్చిన బస్సు డ్రైవరు ఒకాయన మూల కూర్చుని ఉన్నాడు.

"కాస్త ఆలస్యమవుతుందండీ," అన్నాను.

"కానివ్వండి. నా బస్సుకు అలవాటే," అన్నాడాయన.

నత్త గుమ్మంలో నిలబడ్డాడు. ఫ్యాను పేరు చెప్పే ఓపిక కూడా వాడికి లేకపోయింది ఆ రోజు, ఊరికే వచ్చాడు.

నేను కిటికీ పక్కన వాలుకుర్చీలో కూర్చుని కాలు స్టూలు మీద చాపాను. మరదలు చేతికి తొడుగులు వేసుకుని, చర్మం తుడిచి, మందుసీసా మూత ఆనించి పెన్నుతో గుండ్రం గీసింది. ఎడమచేత్తో చర్మాన్ని బిగలాగింది. బాగా లాగింది, గుడ్డను లాగి పట్టుకున్నట్టు. సూది ఆనించకుండా గాలిలో ఆ గుండ్రం మీద ఒక చుట్టు తిప్పి చూసుకుంది.

చెయ్యి వణకలేదు. కానీ పరిగెత్తింది.

నాకు తెలిసిపోయింది. ఈ వేగంతో సూది దిగితే చీమల బారే. సున్నా కలవదు. నా జాగా నాకుంటుంది, నా కిటికీ నాకుంటుంది. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు.

మా ఆవిడ ఏమంటుందోనని అటు చూశాను. ఆమె నా కాలు చూడట్లేదు. గుమ్మం పక్కన గోడకు ఆనించిన పెట్టెను చూస్తోంది. మరదలు పొద్దున్నే సర్దేసింది దాన్ని. కుట్టుకత్తెర పట్టక, దాని కాళ్లు మూతలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. చొక్కాలు మడిచేచోట కత్తెర దేనికి? అయినా పెట్టుకుంది.

మరదలు చీపురుపుల్ల ఆన్ చేసి కిందికి వంగింది. దాని మూగతనం గదంతా పరుచుకుంది.

నా గొంతులోంచి మోత బయల్దేరింది. "జ్మ్‌మ్‌మ్..." దున్న మోత. అదే ఊపు, అదే ఒరవడి.

ఆమె ఆగి తలెత్తింది. "ఏంటి బావా?"

"నొప్పి."

"ఇంకా సూది పెట్టనే లేదు!"

"నాకు ముందుగానే పుడుతుంది. నీ పని నువ్వు కానియ్యి."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తల దించుకుంది. నేను మళ్లీ అందుకున్నాను. "జ్మ్‌మ్‌మ్..." సూది దిగింది. చురుక్కుమంది. ఆమె చెయ్యి నా మోత పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. పరుగు లేదు. కాస్త అదిమినట్టనిపిస్తే నేను గొంతు బొంగురు చేసేవాణ్ని, చెయ్యి తేలేది. తేలిపోతుంటే సన్నగా తీసేవాణ్ని, చెయ్యి దిగేది. పావు సున్నా అయింది. అర సున్నా అయింది. డ్రైవరు బీడీ వెలిగించబోయి మానేసి చూస్తున్నాడు.

ముప్పావు దగ్గర నాకు ఊపిరి అయిపోయింది. మోత ఆగింది. ఆమె చెయ్యి కూడా టక్కున ఆగింది, సూది చర్మంలో ఉండగానే. అలా ఇంకొక్క క్షణం ఉంటే సిరా పాకుతుంది, మచ్చ పడుతుంది. నేను ఊపిరి పీల్చుకునేలోపలే వెనకనుంచి "జ్మ్‌మ్‌మ్" అని వినిపించింది.

మా ఆవిడ. కాపురానికి వచ్చినప్పటినుంచీ వంటింట్లో ఉండి గోడ అవతల నుంచి ఆ మోత విన్న మనిషి. నాకంటే బాగా పట్టింది శ్రుతి. ఆమె చెల్లెలి చెయ్యి మళ్లీ కదిలింది. నేనూ కలిశాను. నత్తగాడు కూడా కలవబోయాడు. వాడిది మిక్సీ మోతలా ఉంది, "నువ్వు ఆపరా!" అని నేను అరవలేక చెయ్యి ఊపాను.

సున్నా తిరిగొచ్చింది. కలిసింది.

మరదలు మెషిన్ ఆపింది. గుడ్డతో తుడిచింది. నేను భూతద్దం తెప్పించుకుని, కాలు కిటికీ వైపు తిప్పి, చుట్టూ వెతికాను. ఖాళీ లేదు, చీమ లేదు, పాకిన సిరా లేదు. ఎక్కడ మొదలుపెట్టిందో నాకే దొరకలేదు.

"ఎక్కడ కలిపావే?"

"చెప్పను," అంది. అని ఏడుపూ నవ్వూ కాని మొహంతో లేచి వెళ్లి, పెట్టె మూత తెరిచి, కత్తెర తీసి నా బల్ల మీద పెట్టింది.

"అన్నా, నా సింహం కూడా ఆమెతోనే వేయించు," అన్నాడు డ్రైవరు. "నువ్వు పక్కన కూర్చుని ఆ పాట పాడు చాలు."

"అది పాట కాదు. నొప్పితో మూలిగాను," అన్నాను. ఇప్పటికీ ఎవరడిగినా అదే చెబుతాను.

"పాపం, ఈయన నొప్పికి నాకు కూడా గొంతు నొప్పి పుట్టింది," అంది మా ఆవిడ.

శనివారం పొద్దున ఆ ఫ్యాక్టరీకి ఫోను చేసి రానని చెప్పింది మరదలు. చెప్పేటప్పుడు ఫోను ఒక చేత్తో, టీ గ్లాసు ఇంకో చేత్తో పట్టుకుని చెప్పింది, నన్ను చూస్తూ. ఆ తర్వాత అక్కాచెల్లెళ్లు నా బల్ల జరిపారు, నా స్టూలు జరిపారు. నన్ను లేవమంటే కాళ్లు పైకెత్తాను. ఈసారి ఆ పాచిక పారలేదు.

ఇప్పుడామె ఇంకా నేర్చుకుంటూనే ఉంది. సింహాలూ పులులూ నేనే వేస్తున్నాను. ఆమె చిన్న గీతలు, అక్షరాలు వేస్తుంది, వేసేటప్పుడు గొంతులో తనకు తనే జ్మ్‌మ్ అనుకుంటుంది. వచ్చినవాళ్లు అది కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నారు. నేను గోడవార బల్బు కింద కూర్చుంటున్నాను, సరిగ్గా ఫ్యాను కొక్కెం కింద. కొక్కేనికి ఫ్యాను లేదు. నత్తగాడు రోజూ వస్తాడు. "ఫ్యాను ఏదిరా?" అంటే "అయిపోవచ్చింది గురూ," అంటాడు. చూపు మాత్రం కిటికీ వైపే. ఆమె కూడా వాడికోసం టీ గ్లాసు ఒకటి విడిగా పెడుతోందని మా ఆవిడ గుసగుసగా చెప్పింది. పెట్టనీ, నాకేంటి.

నాకూ అలాంటి చీపురుపుల్ల ఒకటి కావాలని, మూడో కంటికి తెలియకుండా, వాడి చెవిలో వేశాను. చేప పొలుసులు బాకీ పడి చాలా ఉన్నాయి నాకు. అదీ అయిపోవచ్చిందట. దున్న గోడకు మేకు మీద ఉంది.

మాటంటే మాటే, కాదనను. కానీ పోయిందెంతో లోకానికి తెలియాలి. మరదలే తన కుట్టుటేపు పెట్టి ఆ జాగా కొలిచింది, మా ఆవిడ ఆ కొస పట్టుకుంది. పొడవు ఏడడుగుల రెండంగుళాలు, వెడల్పు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. కిటికీతో సహా.